మొత్తానికి ఆ టీ-72ను కొట్టాను

కంబాట్ మిషన్ షాక్ ఫోర్స్ 2 అనే కంప్యూటర్ యుద్ధ గేమ్‌లో ఇన్నాళ్లూ నన్ను కదలనివ్వని మిషన్ రాత్రి పూర్తయింది. ఆ ఊపు తగ్గకముందే రాస్తున్నాను. మన గుంటూరులో ఈ గేమ్ ఆడేవాళ్లు ఇంకెవరైనా ఉంటే పనికొస్తుంది.

స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో కొనడం, ఇన్‌స్టాల్ చేయడం ఇట్టే అయిపోయాయి. ట్రైనింగూ సులువే. 2008లో సిరియాలో జరిగినట్టు ఊహించిన యుద్ధం ఇది. నేను ఆడే టర్న్‌ల పద్ధతిలో ఆర్డర్లు ఇచ్చి బటన్ నొక్కితే 60 సెకన్లు దానంతటదే నడుస్తుంది. ఆ నిమిషం మనం చూడాల్సిందే, వేలు పెట్టడానికి లేదు.

నన్ను ఏడిపించింది చూపు. మేడ మీదున్న దళానికి వీధి చివర టీ-72 ట్యాంకు స్పష్టంగా కనిపిస్తోంది. కింద గోడ పక్కన జావెలిన్ క్షిపణితో ఇద్దరున్నారు. వాళ్ల మీద క్లిక్ చేస్తే ట్యాంకు గుర్తు పోయి, ఆ చోట ప్రశ్నార్థకం మిగులుతోంది! మేడ మీది వాళ్లు చూసిన సంగతి రేడియోలోనో నోటిమాటగానో కిందికి చేరాలి. చేరినా, వాళ్ల కంటికి ట్యాంకు ఆనితే తప్ప పేల్చలేరు.

ఆదివారం మా బావమరిది అరండల్‌పేటలో మా ఇంటికొచ్చి పక్కన కూర్చున్నాడు. "ట్యాంకు ఎదురుగా ఉంటే కొట్టరేంటి బావా? బీజీఎంఐ అయితే ఈపాటికి మ్యాచ్ అయిపోయేది" అన్నాడు. పిల్లలు పకపకా నవ్వారు. అదే నిమిషంలో ట్యాంకు ఒక్క గుండు పేల్చింది, మేడ మీది దళం మొత్తం పోయింది. ఇంట్లోవాళ్ల ముందు నాకు తల కొట్టేసినట్టయింది.

రాత్రి జావెలిన్ జట్టును వెనక సందులోంచి పక్క డాబా మీదికి ఎక్కించి, కదలకుండా ఉంచాను. ఒక నిమిషం గడిచింది, ఏమీ లేదు. మరో నిమిషంలో ప్రశ్నార్థకం ట్యాంకుగా మారింది. క్షిపణి పైకి లేచి, సరిగ్గా దాని నెత్తిన దిగింది. ట్యాంకుకు ముందువైపున్నంత మందం కవచం పైన ఉండదు, జావెలిన్ దెబ్బ అక్కడే. కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను!

రియలిజం ఎక్కువైతే ఆటలో మజా పోతుందనే వాళ్లతో నేను ఒప్పుకోను. అవతల ఏముందో తెలియని టెన్షన్ లేకపోతే ఆ గెలుపుకి ఆ రుచి రాదు. కానీ ఒక్కో జట్టు ఏ గుమ్మంలోంచి వెళ్లాలో కూడా మన చేతే నొక్కించడం రియలిజం కాదు. నిజం సైన్యంలో కెప్టెన్ ఆ పని చేస్తూ కూర్చోడు, కింద సార్జెంట్లు చూసుకుంటారు. ఈ క్లిక్కుల చాకిరీని కూడా రియలిజమని పొగిడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

యూట్యూబ్ వీడియోలు నమ్ముకోవద్దు, ఎదురుచూపంతా కత్తిరించి పేలుళ్లే చూపిస్తారు. సైనికుల్ని మోసుకెళ్లే స్ట్రైకర్ బండి దిగకముందే ‘అక్వైర్’ నొక్కి జావెలిన్ తీసుకోండి. ఫిరంగులు పిలిస్తే గుళ్లు పడటానికి నిమిషాలు పడుతుంది, అంచేత ట్యాంకు కనిపించాక కాదు, ముందే పిలవండి. ఆ ఆలస్యం అలవాటయ్యేదాకా ఎలీట్ అనే కష్టమైన లెవెల్ జోలికి పోవద్దు.