హాట్ సీటు, మూడు లక్షల ఇరవై వేలు, నాకు తెలియని నా పేదరికం

నేను ఆడిన టీవీ క్విజ్ షో ఎపిసోడ్ పోయిన వారం వచ్చింది. అప్పటినుంచి ఊళ్ళో, మా స్కూల్లో, మా ఆయన పనిచేసే డిపోలో ఒకటే గోల. "ఎట్టా సెలెక్టయ్యారు మేడం" అని అడిగేవాళ్ళు సగం, "పాపం, చిన్నప్పుడు అంత ఇబ్బంది పడ్డారా" అని జాలిపడేవాళ్ళు సగం. ఇద్దరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తాను. షో పేరు, ఛానెల్ పేరు మాత్రం రాయను. డబ్బులు ఇంకా ఖాతాలో పడలేదు.

మొదటి మెట్టు గురించి చెప్పడానికి ఏమీ లేదు. టీవీలో రోజూ ఒక ప్రశ్న వేస్తారు, ఫోన్లో జవాబు నొక్కి పంపాలి. మా ఆరో తరగతి పిల్లలు చెప్పగలిగే ప్రశ్నలే. సరిగ్గా చెప్పినవాళ్ళు లక్షల్లో ఉంటారు కాబట్టి అక్కడ తెలివి పనిచేయదు, అదృష్టమే. తర్వాత ఒకమ్మాయి ఫోన్ చేసి గబగబా నాలుగైదు ప్రశ్నలు అడిగింది. చెప్పాను. ఆడిషన్‌కి విజయవాడ రమ్మన్నారు.

ఆడిషన్లో రాత పరీక్ష ఉంటుంది. డీఎస్సీ రాసి వచ్చినదాన్ని, సోషల్ చెప్పేదాన్ని, నాకది పెద్ద పని కాలేదు. నా పక్కన కూర్చున్న అబ్బాయి గ్రూప్స్‌కి తయారవుతున్నాడట, సంచీ నిండా బిట్ బ్యాంకులే. అందులో ఒకటి తిరగేస్తే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1956 నవంబర్ 1న అని అచ్చేసి ఉంది. అది ఆంధ్రప్రదేశ్. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబర్ 1న, కర్నూలు రాజధానిగా వచ్చింది. ఇలాంటి పుస్తకాలకి వందలు వందలు పోసి కొనేబదులు ఆరు నుంచి పది దాకా స్కూలు పుస్తకాలు రెండుసార్లు చదవండి. మా పిల్లలు ఏడాది చివర పాతపేపర్లోళ్ళకి కిలోల లెక్కన అమ్మేసేవి అవే. నాకు ఈ షోలో వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా వాటిల్లోవే.

రాత పరీక్ష అయ్యాక ఒక గదిలో కెమెరా ముందు కూర్చోబెట్టారు. అసలు కథ అక్కడ మొదలైంది.

మెడలో తాడుకి కార్డు వేలాడేసుకున్న కుర్రాడు, మర్యాదస్తుడే, "మీ గురించి చెప్పండి మేడం" అన్నాడు. చెప్పాను. మా నాయన నాగార్జునసాగర్ కుడికాలువ మీద లస్కరుగా చేసి రిటైరయ్యాడు. అమ్మ ఇంట్లోనే ఉంటుంది. నేను, తమ్ముడు. నాకు టీచరు ఉద్యోగం, మా ఆయన ఆర్టీసీలో కండక్టరు, ఇద్దరు పిల్లలు. కుర్రాడు రాసుకోవడం ఆపి తలెత్తాడు.

"కష్టాలేమీ లేవా మేడం?"

"ఇంటి లోను ఉంది."

"అది కాదు మేడం. అంటే... సార్ తాగుతారా?"

"ఆదివారాలు కూడా తాగడు."

"పిల్లలకేమైనా ఆరోగ్యం..."

"దేవుడి దయవల్ల బాగానే ఉన్నారు."

ఆ అబ్బాయి మొహంలో కనిపించిన నిరాశ నేనెప్పటికీ మర్చిపోను. నేను ఫెయిలైపోతున్నానని నాకే అనిపించింది. చివరికి "లస్కరంటే ఏంటి మేడం" అన్నాడు. కాలువ గట్టు వెంట తిరిగి తూములు ఎత్తడం, దించడం, గండ్లు పడకుండా చూసుకోవడం, ఎవరి వంతు నీళ్ళు వాళ్ళకి అందేలా చూడటం అని చెప్పాను. రాత్రిళ్ళు కూడా లాంతరు పట్టుకుని వెళ్ళేవాడని అన్నాను. "లాంతరు" అనేసరికి అతని కళ్ళు మెరిశాయి. సెలెక్టయ్యాను.

కొన్నాళ్ళకి వీడియో తీయడానికి మా ఇంటికే వచ్చారు. ముందు నన్ను ఉతికి ఉతికి వెలిసిపోయిన చీర ఏదైనా ఉంటే కట్టుకోమన్నారు. లేదన్నాను. ఉంది గానీ ఎందుకు కట్టాలి? కుళాయి ఉండగా వీధి చివరి చేతిపంపు దగ్గర బిందె పట్టించారు. ఆ పంపు కొట్టి ఎన్నేళ్ళయిందో ఏమో, నీళ్ళకంటే ముందు తుప్పు వచ్చింది. వీధివీధంతా నిలబడి చూసింది. "కుళాయి రావట్లేదా టీచరమ్మా" అని ఎదురింటావిడ నిజంగానే కంగారుపడి అడిగింది.

తర్వాత మా పుట్టింటికి వెళ్ళారు. మా నాయనని కాలువ గట్టు మీద తలవంచుకుని నడవమన్నారు. ఆయన వంచలేదు. "ముప్పయ్యేళ్ళు ఈ గట్టు మీద తలెత్తుకునే తిరిగాను బాబూ, తల వంచితే కాలువ కనపడదు, గండి పడేది ఎట్టా తెలుస్తది" అన్నాడు. లాంతరు ఇచ్చి పట్టపగలే నడిపించారు, రాత్రిలా మారుస్తాంలే అని. మధ్యాహ్నం మా అమ్మ గోంగూర పప్పు, చల్లమిరపకాయలు, నెయ్యి, గడ్డపెరుగు పెట్టింది. కెమెరా కుర్రాళ్ళు అడిగి మరీ మారు వడ్డించుకున్నారు. ఈ భోజనం సంగతి గుర్తుపెట్టుకోండి.

షూటింగ్ హైదరాబాద్‌లో. చీరల గురించి ముందే చెబుతారు. తెలుపు వద్దు, సన్న గళ్ళు, సన్న చారలు వద్దు, అవి కెమెరాలో కదులుతున్నట్టు మిణుకుమంటాయట. రెండుమూడు చీరలు తీసుకెళ్ళండి, వాళ్ళే ఎంచుతారు. పొద్దున్నే మన ఫోన్లు తీసేసుకుంటారు. ఏసీ ఎంత పెడతారంటే మా నాయన శాలువా కప్పుకుని కూడా వణికాడు, తోడు వచ్చేవాళ్ళకి స్వెట్టరు మర్చిపోకండి. ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో బోలెడు కాగితాలిచ్చి సంతకం పెట్టమంటారు, అదీ మేకప్ వేస్తున్నప్పుడు. ఏ కాగితం దేనికో అడిగితే "ఫార్మాలిటీ మేడం" అంటారు. మన ఫొటో, మన మాట, మన కథ వాళ్ళిష్టం వచ్చినట్టు వాడుకోవచ్చన్నది ఆ ఫార్మాలిటీ.

ముందు అందరికీ కలిపి ఒక ప్రశ్న. నాలుగింటినీ వరుసలో పెట్టాలి, ఎవరు తొందరగా సరిగ్గా పెడితే వాళ్ళకే హాట్ సీటు. ఆప్షన్లు ఇవి: శ్రీశైలం, ప్రకాశం బ్యారేజీ, ఆలమట్టి, నాగార్జునసాగర్. కృష్ణానది మీద ఎగువ నుంచి దిగువకి.

లస్కరు కూతుర్ని అడగాల్సిన ప్రశ్నా ఇది! సి, ఎ, డి, బి. నొక్కేసి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మిగతావాళ్ళు ఇంకా నొక్కుతూనే ఉన్నారు. సగం మంది శ్రీశైలానికీ సాగర్‌కీ ఏది ముందో తేల్చుకోలేకపోయారట. గొప్ప చెప్పుకుంటున్నానని అనుకోండి, పర్వాలేదు. ఈ మొత్తం తతంగంలో నాకు మిగిలిన గొప్ప ఇదొక్కటే.

హాట్ సీటులో కూర్చున్నాను. లైట్లు. చప్పట్లు కొట్టమని చెయ్యి ఊపే ఆయన ఊపాడు, అందరూ కొట్టారు. యాంకరు గారు చాలా బాగా మాట్లాడారు, ఆయన మీద నాకేం కోపం లేదు. "మీ ప్రయాణం ఒకసారి చూద్దామా అమ్మా" అన్నారు. తెర మీద వీడియో మొదలైంది.

వేణువు. చేతిపంపు. తుప్పునీళ్ళు. తర్వాత బరువైన గొంతు: "పూట గడవని ఇల్లు. అర్ధాకలితో నిద్రపోయిన రాత్రులు. తండ్రి లాంతరు వెలుగులో చదువుకున్న చిన్నారి..." తెర మీద మా నాయన లాంతరుతో నడుస్తున్నాడు. తల వంచలేదని పైనుంచి తీసి వంచినట్టు చూపించారు. జనంలో ఒకామె కొంగుతో కళ్ళొత్తుకుంది. నేను మా నాయన వైపు చూశాను. కంపానియన్ సీటులో, శాలువాలో, నోరు కొంచెం తెరుచుకుని కూర్చున్నాడు. కెమెరా వెంటనే ఆయన మొహం మీదికి వెళ్ళింది. అది ఏడుపని వాళ్ళు అనుకున్నారు. కాదు. మా నాయన గొంతు గట్టిదే, కాలువ ఈ గట్టు నుంచి ఆ గట్టుకి పిలిచి అలవాటు. స్టూడియో మొత్తానికి వినపడేలా అన్నాడు:

"మనం ఎప్పుడు పస్తున్నామే అమ్మాయ్?"

ఎపిసోడ్‌లో ఈ మాట లేదు. కోసేశారు. దాని బదులు నేను కళ్ళు తుడుచుకుంటున్నట్టుంది. అది మేకప్ కంట్లో పడినప్పుడు తీసింది.

గవర్నమెంటు జీతం తెచ్చి, ఇద్దరు పిల్లల్ని చదివించి, ఒక్కరి దగ్గరా చెయ్యి చాచని మనిషిని పట్టుకుని, తన ముందే, తన పిల్లల్ని పస్తులుంచినవాడిగా నిలబెట్టారు. పైగా ఆ ఇంట్లోనే నెయ్యి పోయించుకుని తిని. పేదరికం సిగ్గుపడాల్సిందని నేననడం లేదు. నా క్లాసులో నిజంగా మధ్యాహ్న భోజనం కోసమే వచ్చే పిల్లలున్నారు. లేనివాడి కథ లేనివాడికే ఉండనివ్వండి, మాకెందుకు అంటగడతారు?

హిందీలో కౌన్ బనేగా కరోడ్‌పతి 2000లో మొదలైనప్పుడు తొలి కోటి గెలిచింది హర్షవర్ధన్ నవాథే, సివిల్స్‌కి చదువుకుంటున్న కుర్రాడు. జనం అతని తెలివికే చప్పట్లు కొట్టారు. 2011లో మోతిహారి నుంచి వచ్చిన సుశీల్ కుమార్, చిన్న జీతగాడు, ఐదు కోట్లు గెలిచాడు. అది నిజమైన కథ, అందుకే అందరికీ నచ్చింది. అప్పటినుంచి ప్రతి షోవాడికీ ఒక సుశీల్ కుమార్ కావాలి, దొరక్కపోతే తయారుచేసుకుంటారని నా అనుమానం.

ఆట సంగతి చెప్పాలి కదా. ఒళ్ళు మండుతూనే ఆడాను, అందుకే కాబోలు మొదటివన్నీ టకటకా చెప్పాను. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఎక్కడ అంటే నాగార్జునకొండ. 1868లో గుంటూరులో సూర్యగ్రహణం చూసిన ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ పరిశీలనతో ముడిపడిన మూలకం ఏది అంటే హీలియం. గుంటూరువాళ్ళకే చాలామందికి తెలియదు ఇది, నేను ఏటా పిల్లలకి చెబుతాను. 1983 ప్రపంచ కప్ ఫైనల్లో మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ ఎవరన్న దగ్గర ఆగాను, నాకు క్రికెట్ రాదు. మా స్కూలు పీఈటీ సారుకి ఫోన్ చేశాను. ఉన్నదే ముప్పై సెకన్లు. నమస్కారం కూడా పెట్టకుండా "మొహిందర్ అమర్‌నాథ్, లాక్ చెయ్యండి మేడం" అన్నాడు. ఫోన్ ఎ ఫ్రెండ్‌కి ఇలాంటి మనిషినే పెట్టుకోండి. "టీవీలో మాట్లాడుతున్నానా" అని మురిసిపోయే తమ్ముళ్ళని, బావల్ని వద్దు.

మూడు లక్షల ఇరవై వేల దగ్గర విశ్వనాథన్ ఆనంద్ ప్రశ్న వచ్చింది. 2000లో మొదటిసారి ప్రపంచ చదరంగ విజేత అయినప్పుడు ఫైనల్ ఏ నగరంలో? ఢిల్లీ అనిపించింది, పోటీలు అక్కడ జరిగిన గుర్తు. అయినా లైఫ్ లైన్లు అయిపోయాయి, ఇంటి లోను గుర్తొచ్చింది, ఆపేశాను. జవాబు టెహ్రాన్. ఫైనల్ మాత్రం అక్కడ ఆడారట.

ఇక డబ్బు. టీవీలో ఇచ్చే పెద్ద చెక్కు అట్ట ముక్క, కిందకి దిగగానే తీసేసుకుంటారు. ప్రసారమయ్యాకే లెక్క మొదలవుతుంది. గెలిచిన దాంట్లో 30 శాతం పన్ను ముందే కోస్తారు, అంటే 96,000 పోయి 2,24,000 వస్తుంది. ఆ పన్ను మీద 4 శాతం సెస్సు రిటర్ను వేసేటప్పుడు మనమే కట్టాలి. నాకు ఆదాయం తక్కువ, రీఫండ్ వస్తుందిలే అనుకునేవాళ్ళు ఆ ఆశ వదులుకోండి, ఇలాంటి గెలుపులకి స్లాబులు, మినహాయింపులు వర్తించవు. పాన్ కార్డులో, బ్యాంకు పాసుపుస్తకంలో పేరు ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోండి. నాకు ఒకదాంట్లో పుట్టింటి ఇంటిపేరు, ఇంకోదాంట్లో అత్తింటిది. దానికోసం ఇంకా మెయిళ్ళు నడుస్తున్నాయి. మా దూరపు చుట్టమొకాయన మాత్రం మూడు లక్షలూ చేతికొచ్చేశాయనుకుని అప్పటికే చేబదులు అడిగాడు.

సోమవారం స్కూలుకి వెళితే ఏడో తరగతి పిల్లొకతి దగ్గరికొచ్చి, "టీచర్, మీరు చిన్నప్పుడు అన్నం లేక ఏడ్చేవారా" అంది. లేదమ్మా, అది టీవీవాళ్ళు కలిపారు అన్నాను. నమ్మలేదు. మధ్యాహ్నం తన గుడ్డు తెచ్చి నా బల్ల మీద పెట్టి పరిగెత్తింది. పిలిచి వెనక్కిచ్చి, నా ముందే తినిపించి పంపాను.

వచ్చే సీజన్‌కి పీఈటీ సారు కూడా పంపుతున్నాడట, సలహా ఇమ్మన్నాడు. స్కూలు పుస్తకాలు చదవమన్నాను, స్వెట్టరు తీసుకెళ్ళమన్నాను, కాగితాలు చదవకుండా సంతకం పెట్టొద్దన్నాను. పోయినేడు అయిన మోకాలి ఆపరేషన్ సంగతి మాత్రం ఆడిషన్లో పొరపాటున కూడా నోరు జారొద్దని మరీ మరీ చెప్పాను.