నన్ను కాదన్న పేపర్ కూడా నా లెక్కలోకే వచ్చింది

పోయిన చలికాలంలో మూడు వారాలపాటు రోజూ రాత్రి ఒకటే పని చేశాను. నా పేపర్లను సైట్ చేసిన, అంటే తమ రాతలో నా పేపర్‌ను ప్రస్తావించిన పేపర్లన్నీ ఒక్కొక్కటిగా తెరవడం, అందులో మా పేరున్న వాక్యం ఎక్కడుందో వెతికి పసుపు రంగు వేయడం. అమెరికా వచ్చి ఎనిమిదేళ్లయింది. పీహెచ్‌డీ ఇక్కడే చేశాను, ఇప్పుడు రెండో పోస్ట్‌డాక్‌లో, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక రీసెర్చ్ ఉద్యోగంలో ఉన్నాను. మొత్తం తొమ్మిది పేపర్లు, వాటిలో నా పేరు మొదట ఉన్నవి మూడు. ఆ రోజుకి సైటేషన్లు 214. గ్రీన్‌కార్డ్ పిటిషన్ గురించి మాట్లాడదామని లాయర్‌కి ఫోన్ చేస్తే, ఆవిడ నా పేరు రాసుకోగానే అడిగినది ఆ అంకెనే.

ఎందుకడిగారో ఇక్కడ రీసెర్చ్ చేసే మనవాళ్లందరికీ తెలుసు. యూనివర్సిటీ గానీ కంపెనీ గానీ స్పాన్సర్ చేయకపోయినా సొంతంగా దరఖాస్తు పెట్టుకునే దారులు రెండున్నాయి. ఒకటి నేషనల్ ఇంటరెస్ట్ వేవర్. 2016లో ధనసర్ అనే కేసులో వచ్చిన నిర్ణయం తర్వాత దీనికి మూడు పరీక్షలు పెట్టారు: చేస్తున్న పనికి దేశస్థాయిలో ప్రాధాన్యం ఉండాలి, దాన్ని ముందుకు తీసుకెళ్లే సత్తా మనకుండాలి, ఉద్యోగం ఆఫర్ అడక్కుండా వదిలేయడం దేశానికి మేలనిపించాలి. కానీ ఇది ఈబీ-2 అనే గ్రీన్‌కార్డ్ కేటగిరీ కిందకి వస్తుంది. ఇండియాలో పుట్టినవాళ్లకు ఆ క్యూ పదేళ్లు దాటి సాగుతుంది. రెండోది ఈబీ-1ఏ అనే కేటగిరీ. క్యూ అక్కడా ఉంది గానీ అంత పొడవు లేదు. అసాధారణ ప్రతిభ ఉందని చూపించాలి. పది ప్రమాణాల్లో కనీసం మూడు నెగ్గితే, ఆ తర్వాత మొత్తం ఫైలు చూసి తేలుస్తారు. ఇతరుల పేపర్లు రివ్యూ చేసి ఉండటం ఒక ప్రమాణం, పేపర్లు రాసి ఉండటం ఇంకొకటి, రంగం మీద పెద్ద ప్రభావం చూపిన సొంత పని మరొకటి. ఈ చివరిదాని దగ్గరే అందరికీ టెన్షన్. ఫైలు చూసే అధికారి బయాలజీ చదివి ఉండాలని లేదు కదా, ప్రభావం ఉందని ఎలా నమ్మిస్తాం? అందుకే సైటేషన్ల అంకె, మనతో ఎప్పుడూ కలిసి పనిచేయని ప్రొఫెసర్ల ఉత్తరాలు, రంగంలో మిగతావాళ్ల పక్కన మనం ఎక్కడున్నామో చూపించే పట్టికలు కట్టలుకట్టలుగా వెళ్తాయి.

ఆ అంకె వెనకాల ఏముంటుందో చెప్పాలి. మాలిక్యులర్ బయాలజీలో ఒక పేపర్ బయటికి రావడానికి మూడు నాలుగేళ్లు మామూలు. జీన్ క్లోన్ చేయాలి, సెల్ లైన్ తయారు చేసుకోవాలి, కొన్న యాంటీబాడీ నిజంగా మన ప్రోటీన్‌నే పట్టుకుంటోందో లేదో చూసుకోవాలి, ప్రతి ప్రయోగం విడివిడిగా మూడుసార్లు చేసి చూపించాలి. జర్నల్ తరఫున పేపర్‌ను పరిశీలించే రివ్యూవర్ ఇంకో ప్రయోగం అడిగితే ఇంకో ఏడాది పోతుంది. పేర్ల వరుసకూ మా దగ్గర ఒక పద్ధతి ఉంది. మొదటి పేరు బెంచ్ దగ్గర నిలబడి పని నడిపినవాళ్లది, చివరి పేరు పీఐది, అంటే ల్యాబ్ పెట్టి నడిపించే ప్రొఫెసర్‌ది, మధ్యలో ఉన్నవాళ్లు ఎంత చేశారో బయటివాళ్లకు తెలియదు. నా 214లో 120కి పైగా, నేను మధ్యలో ఉన్న ఒకే ఒక్క పేపర్‌కి వచ్చినవి. అందులో నేను చేసినది రెండు ఫిగర్ ప్యానెళ్లు, అంటే బొమ్మల్లో రెండు ముక్కలు. నాలుగేళ్లు పెట్టి నేను చేసిన పేపర్‌కి వచ్చినవి 38. హెచ్-ఇండెక్స్ 6, అంటే కనీసం ఆరేసి సైటేషన్లు వచ్చిన పేపర్లు ఆరున్నాయని. హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త 2005లో ప్రతిపాదించిన కొలత అది. పేరు మొదట ఉందా మధ్యలో ఉందా అన్నది దానికి పట్టదు.

ఈ లెక్కల గురించి చదువుకుంటూ పోతే ఒక విషయం మనసుకు పట్టుకుంది. సైన్స్ మొత్తంలో అత్యధికంగా సైట్ అయిన పేపర్ మా ల్యాబుల్లోదే. 1951లో ఆలివర్ లోరీ బృందం రాసినది, ద్రావణంలో ప్రోటీన్ ఎంతుందో కొలిచే పద్ధతి. మూడు లక్షలు దాటింది. దాని వెనకాలే లెమ్లీ 1970లో రాసినది ఉంటుంది. శీర్షిక చూస్తే టీ4 వైరస్ తలభాగం ఎలా కట్టుకుంటుందో చెప్పే పేపర్. జనం దాన్ని వెతుక్కునేది మాత్రం జెల్ మీద ప్రోటీన్లను సైజు వారీగా విడదీసిన పద్ధతి కోసం. మేం రోజూ కలుపుకునే బఫర్ ద్రావణానికి ఇప్పటికీ ఆయన పేరే. 2014లో నేచర్ పత్రిక అత్యధికంగా సైట్ అయిన 100 పేపర్ల జాబితా వేస్తే, అందులో చోటు దక్కాలంటే 12,119 సైటేషన్లు ఉండాల్సి వచ్చింది. డీఎన్ఏ డబుల్ హెలిక్స్ పేపర్ ఆ జాబితాలో లేదు. అందరూ వాడుకునే పనిముట్టుకే ఈ లెక్కలో పెద్దపీట.

అలాంటి పనిముట్టు మన యల్లాప్రగడ సుబ్బారావుగారు కూడా ఇచ్చి వెళ్లారు. ఆయన అమెరికా వచ్చింది 1923లో. భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని ఇక్కడి సుప్రీంకోర్టు తేల్చింది కూడా ఆ ఏడాదే. రెండేళ్లు తిరిగేసరికి సైరస్ ఫిస్కేతో కలిసి, రంగు చూసి ఫాస్ఫరస్ ఎంతుందో చెప్పే పద్ధతి రాశారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటూ దశాబ్దాలపాటు ప్రపంచమంతటా ల్యాబులు వాడుకున్నాయి. కండరంలో శక్తిని నిల్వ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్ ఉందని వాళ్లు కనిపెట్టింది కూడా ఆ కొలత చేతిలో ఉండబట్టే. అయినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం దక్కలేదు, 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లిపోయారు. భారతీయులకు పౌరసత్వం దారి 1946లో తెరుచుకుంది. 1948లో ఆయన పోయారు. ఆ పేపర్‌ను ఎన్నిసార్లు వాడుకున్నారో లెక్కపెట్టి చూపించే సాధనం ఆయన బతికుండగా లేనే లేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఆ సాధనం 1964లో వచ్చింది. ఫిలడెల్ఫియాలో యూజీన్ గార్ఫీల్డ్ తయారుచేసిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్. 1955లో ఆ ఆలోచన మొదటిసారి రాసినప్పుడు ఆయన చెప్పిన కారణం చదివి, లాప్‌టాప్ ముందు అలాగే కూర్చుండిపోయాను. ఒక పేపర్‌ను తర్వాత ఎవరైనా విమర్శించారా అన్నది చదివేవాళ్లకు తెలియాలి, తప్పు ఫలితాలనూ సగం సగం ఫలితాలనూ చూసుకోకుండా వాడేయడం ఆగాలి. సైటేషన్లను ఒకచోట చేర్చాలనడానికి ఆయన చెప్పిన కారణం ఇదీ. అప్పటికి రెండు రోజుల ముందే నేను నాలుగో గుట్ట చూసి ఉన్నాను.

గుట్టలంటే, పసుపు రంగు వేసిన పేపర్లను అలా విడదీసి పెట్టుకున్నాను. అన్నింటికంటే పెద్దది, ఒకే వాక్యం చివర ఏడెనిమిది పేపర్లను గుదిగుచ్చి అందులో మమ్మల్నీ కలిపిన వాళ్లది. రెండోది మా ప్రోటోకాల్, అంటే ప్రయోగం చేసే పద్ధతి తీసుకుని వాడినవాళ్లది, పదకొండు. మూడోది మా ఫలితం మీద ఇంకో మెట్టు కట్టినవాళ్లది, తొమ్మిది. నాలుగో గుట్టలో ఒక్కటే పేపర్.

నేను నాలుగేళ్లు చేసిన పని ఇది. ఒక ప్రోటీన్ వెళ్లి ఒక ఎంఆర్ఎన్ఏ (జీన్ సమాచారాన్ని మోసుకెళ్లే ఆర్ఎన్ఏ నకలు) తోకకు అతుక్కుని, అది త్వరగా కరిగిపోకుండా కాపాడుతుంది. ఎంతసేపు కాపాడుతుందో చూడాలంటే ఆ ఎంఆర్ఎన్ఏ అర్ధాయువు, అంటే అది సగానికి తరగడానికి పట్టే సమయం, కొలవాలి. మేం యాక్టినోమైసిన్-డి అనే మందు వేశాం. అది వేస్తే కణం కొత్త ఆర్ఎన్ఏ తయారుచేయడం ఆపేస్తుంది. ఇక ఉన్నది ఎంత వేగంగా తరుగుతోందో గంటగంటకీ కొలుచుకుంటూ పోవచ్చు. మాకు ఏడు గంటలొచ్చింది. నాలుగో గుట్టలోని ల్యాబ్ యాక్టినోమైసిన్ జోలికి పోలేదు. 4-థయోయూరిడిన్ అనే గుర్తును కాసేపు కణాలకు ఇచ్చి, ఆ కాసేపట్లో పుట్టిన ఆర్ఎన్ఏకి మాత్రమే గుర్తు పడేలా చేసి, అది ఎప్పుడు మాయమవుతుందో చూశారు. కణం తన మానాన తాను బతుకుతూనే ఉంటుంది. వాళ్లకు వచ్చింది రెండు గంటలు. కణంలో ఆర్ఎన్ఏ తయారీ మొత్తం ఆపేస్తే ఆ దెబ్బకు కొన్ని ఎంఆర్ఎన్ఏలు మామూలుకంటే ఎక్కువసేపు నిలబడతాయని, మా తేడా అక్కడిదే కావచ్చని మర్యాదగా ఒక్క వాక్యం రాశారు. దాని చివర మా పేపర్ నంబర్.

ఈ పేపర్ వచ్చినప్పుడే, సైటేషన్లు లెక్కపెట్టే గూగుల్ స్కాలర్ నుంచి నాకు మెయిల్ వచ్చింది, కొత్త సైటేషన్ ఒకటి పెరిగిందని. ల్యాబ్ కారిడార్‌లో నడుస్తూ చూసుకున్నాను. సంతోషపడి ఫోన్ జేబులో పెట్టేసుకున్నాను. తెరిచి చదవలేదు. ఏడు నెలలు అలాగే గడిచాయి.

పై అంతస్తులో ఒక తెలుగు ప్రొఫెసర్ ఉన్నారు, నేను అక్కా అంటాను. నాలుగో గుట్ట చూసిన మర్నాడు ఆ పేపర్ ప్రింట్ తీసుకుని ఆవిడ గదికి వెళ్లాను.

"అక్కా, లాయర్ ఆఫీసులో దీన్ని కూడా సాక్ష్యాల జాబితాలో వేశారు. మా పని మీద విస్తృతంగా చర్చ జరిగిందని చూపించడానికట. నేనేం చేయాలి?"

ఆవిడ పసుపు రంగు వాక్యం రెండుసార్లు చదివారు. "మొత్తం అంకెలోంచి దీన్ని నువ్వు తీసేయలేవు, అది స్కాలర్ లెక్క. సాక్ష్యంగా మాత్రం పెట్టనివ్వకు. అది అట్లా ఉంచు, వీళ్లు చెప్పింది నిజమో కాదో నువ్వు చేసి చూశావా?"

చూడలేదు. ఆ మాట పైకి చెప్పేటప్పుడు నాకెంత సిగ్గేసిందో రాయలేను.

మా పీఐ సంగతంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఎన్ని రోజులు పడుతుందని అడిగారు. రెండు నెలలు పట్టింది. థయోయూరిడిన్‌కి వెలుతురు పడదు కాబట్టి ట్యూబులన్నింటికీ అల్యూమినియం ఫాయిల్ చుట్టి, హుడ్‌లో లైటు ఆర్పేసి పనిచేయాలి. గుర్తు పడిన ఆర్ఎన్ఏకి బయోటిన్ తగిలించి, బయోటిన్‌ను గట్టిగా పట్టుకునే స్ట్రెప్టావిడిన్ పూసలతో పైకి లాగాలి. మొదటిసారి ఆర్ఎన్ఏ మొత్తం ముక్కలైపోయింది. ఆ ల్యాబ్‌కే మెయిల్ రాశాను. అడగడానికి చాలా మొహమాటపడ్డాను. వాళ్ల విద్యార్థి ఒకరు మూడు పేజీల ప్రోటోకాల్ పంపారు, ఏ స్టెప్‌లో చేయి వేగంగా కదలాలో కూడా రాసి. మూడోసారి గ్రాఫ్ సరిగ్గా వచ్చింది. రెండున్నర గంటలు. ప్రోటీన్ లేని కణాల్లో గంటకంటే తక్కువ. అంటే ప్రోటీన్ కాపాడుతున్న మాట నిజమే. ఏడు గంటలన్నది మాత్రం తప్పు.

ఈ ఫలితాన్ని చిన్న పేపర్‌గా రాసి, జర్నల్‌కంటే ముందే ప్రీప్రింట్లు పెట్టుకునే బయోఆర్కైవ్ సైట్‌లో పెట్టాం, ఆ విద్యార్థికి పేరుపేరునా కృతజ్ఞత చెప్పి. మొదటి పేపర్ వచ్చిన జర్నల్‌కి దిద్దుబాటు కూడా పంపాం. ఇవాళ్టికి ఆ ప్రీప్రింట్‌కి వచ్చిన సైటేషన్లు రెండు. నా తొమ్మిది పేపర్లకంటే దాన్నే నేను ఎక్కువ ఇష్టంగా చూసుకుంటాను.

పిటిషన్ మార్చిలో వెళ్లింది. సాక్ష్యాల జాబితాలోంచి నాలుగో గుట్ట తీయించాను. మమ్మల్ని మేమే సైట్ చేసుకున్న 31 తీసేసి 183 అని రాయించాను. నా పని గురించి నేను రాసుకునే ఉత్తరంలో ఏడు గంటల సంగతి, రెండున్నర గంటల సంగతి ఒక పేరాలో పెట్టాను. లాయర్ ఆ పేరా తీసేద్దామన్నారు, అధికారికి అనవసరమైన అనుమానం వస్తుందని. ఆవిడ భయం నాకు అర్థమైంది, అది ఆవిడ వృత్తి. ఈ ఉత్తరం మీద సంతకం నాది కాబట్టి ఉంచండి అన్నాను. ఉంచారు.

జవాబింకా రాలేదు. హెచ్-1బీ వచ్చే ఏడాది దాకా ఉంది. అదే ప్రోటీన్ ఇంకో రెండు ఎంఆర్ఎన్ఏలకు కూడా అతుక్కుంటుందని మొదటి పేపర్లో రాసి ఉన్నాం, వాటి అర్ధాయువు కూడా పాత పద్ధతిలో కొలిచినదే. ఆ రెండింటికీ కణాలు నిన్న ప్లేట్లలో వేశాను. రేపు పొద్దున తొమ్మిదింటికి థయోయూరిడిన్ వేయాలి, ఫాయిల్ ముక్కలు ఇవాళే కత్తిరించి పెట్టుకున్నాను.