చప్పుడు లేని వాకర్

గురువారం, గుంటూరు.

ఇంట్లో చప్పుడు లేక తెల్లవారుజామున ఐదింటికే మెలకువ వచ్చింది. అమ్మకి మోకాలి ఆపరేషనై ఆరు వారాలు. ఆవిడ బాత్రూంకి లేచిందంటే వాకర్ టకటకమని ఇల్లంతా చాటుతుంది. ఇవాళ ఆ టకటక లేదు, నీళ్ళ చప్పుడు మాత్రం వినిపించింది.

లేచి చూస్తే వాకర్ మంచం పక్కనే ఉంది. ఆవిడేమో వంటింటి గడప దగ్గర ఫ్రిజ్ పట్టుకుని నిలబడింది. డోర్‌మ్యాట్ అంచు కుడికాలి వేళ్ళకి చుట్టుకుని ఉంది. నా గుండె గుభేలుమంది.

"పడలేదుగా! ఎందుకే ఆ కేకలు, నాన్నగారు లేస్తారు" అంది.

పదింటికి ఫిజియోథెరపీ అబ్బాయి రాగానే ఫిర్యాదు చేశాను. అతను అమ్మని కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కొచ్చి కూర్చోమన్నాడు. ఫోన్‌లో చూస్తే 17 సెకన్లు. 12 దాటితే పడే భయం ఉన్నట్టేనట. "కీలు కొత్తదేనండీ, దాన్ని నిలబెట్టే తొడ కండ పాతదేగా. ఏళ్ళ తరబడి నొప్పికి వాడక సన్నబడింది, ఆపరేషన్‌తో ఇంకాస్త నీరసించింది" అన్నాడు.

నాకప్పుడు వెలిగింది. నొప్పి ముందే పోయింది, బలం ఇంకా దారిలో ఉంది. నొప్పి ఉన్న రోజుల్లో అమ్మ ప్రతి అడుగూ ఆచితూచి వేసేది. ఇప్పుడు నొప్పి లేదు కాబట్టి చూపు కూడా కిందికి పోవడం లేదు. పైగా ఎడమ మోకాలు కూడా అరిగినదే, తడబడితే అది ఆదుకోదు.

ఎదురింటి పిన్నిగారిది ఇంకో రకం. ఒక్కసారి జారినందుకు మంచం దిగడమే మానేశారు. అలా కూర్చుంటే ఉన్న కండ కూడా పోతుందని ఈ అబ్బాయే మొత్తుకుంటాడు.

కర్రని అమ్మ ఎడం చేతికి మార్చాడు. ఆపరేషన్ కుడికాలికి కాబట్టి కర్ర కుడిచేతికే అనుకున్నాం ఇన్నాళ్ళూ! మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. అమ్మ దాన్ని ఎక్కంలా వల్లెవేస్తోంది. రాత్రిపూట లేస్తే మాత్రం మంచం అంచున ఓ నిమిషం కూర్చోవాలి. బీపీ మాత్ర, నిద్ర మాత్ర రెండూ పడ్డాక గబుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి.

మధ్యాహ్నం బ్రాడీపేటలో హార్డ్‌వేర్ కొట్టుకెళ్ళి స్టీలు హ్యాండిల్ తెచ్చాను. ప్లంబర్ కమోడ్ పక్కన బిగిస్తుంటే టైలు మూల పగిలింది. అమ్మకి మోకాలి కంటే ఆ టైలు బాధే ఎక్కువైంది. డోర్‌మ్యాట్లన్నీ మూటగట్టి అటకెక్కించాను. వాకిట్లో కళ్ళాపి ఆరేదాకా బయటికి రానని మాట తీసుకున్నాను గానీ నమ్మకం లేదు.

రాత్రి బాత్రూం లైటేసి చూద్దును కదా, కొత్త హ్యాండిల్ మీద అమ్మ తడి తువ్వాలు, దాని పక్కనే నాన్నగారి బనీను ఆరేసి ఉన్నాయి.