డెబ్బై ఒకటో గేటు

మన బడి పాత విద్యార్థుల సంచికకి ఏదో ఒకటి రాయందే కమిటీవాళ్లు వదిలేలా లేరు. "డాక్టర్లు రాశారు, అమెరికావాళ్లు రాశారు, చివరికి గోడ దూకే బ్యాచ్ కూడా రాసింది. నువ్వు చేసే ఉద్యోగం ఏమిటో మాకెవరికీ తెలియదు, అదైనా రాయవే" అని పెద్ద పద్మ ఫోన్ చేసింది. చిన్న పద్మ అయితే ఏకంగా ఆఖరు తేదీ పెట్టి, దాటితే ఫొటో మాత్రమే వేస్తామంది. ఆ ఫొటో ఏదో నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

ఆరో తరగతి నుంచి తొమ్మిది దాకా నాకు పెద్దగా గుర్తేమీ లేదు. చింతచెట్టు, జీళ్ల తాత, హెడ్మాస్టర్ గారి కుక్క గురించి మీరంతా ఎలాగూ రాసే ఉంటారు. నాకు బడి అంటే పదో తరగతి, పదో తరగతి అంటే సోషల్ మేష్టారు.

1986 ఆగస్టు వరద సంగతి రాజమండ్రిలో పెరిగినవాళ్లకి చెప్పాలా! గోదావరి మధ్య లంకల నుంచి వచ్చిన వాళ్లకి మన క్లాసురూములు ఇచ్చేశారు. మనం చెట్టు కింద కూర్చున్నాం. మేష్టారు పాఠం మానేసి అంకెలు చెప్పేవారు. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. క్యూసెక్కు (సెకనుకి ఒక ఘనపుటడుగు నీళ్లు) అంటే ఏమిటో అడిగిన పాపానికి రాణి చేత బడి బావి దగ్గర బిందెలతో నీళ్లు తోడించి మరీ చూపించారు. రాణీ, ఆ జ్వరం నీకు దానివల్లే వచ్చిందని మీ అమ్మగారు ఇప్పటికీ అంటారట.

చలికాలంలో మనల్ని సైకిళ్ల మీద ధవళేశ్వరం తీసుకెళ్లారు. సైకిల్ లేనివాళ్లు క్యారియర్ మీద. బ్యారేజీ మీద నిలబెట్టి గేట్లు లెక్కపెట్టమన్నారు. ధవళేశ్వరం వైపు 70, ర్యాలి వైపు 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39, మొత్తం 175 అని ఆయనకి కంఠతా వచ్చు. మనకి మాత్రం చెప్పలేదు. అటునుంచి ఒక జట్టు, ఇటునుంచి ఒక జట్టు. తర్వాత ఏం జరిగిందో రాయను. డెబ్బై ఒకటో గేటు ఎవరు కనిపెట్టారో మీకూ తెలుసు, వాడికీ తెలుసు.

"మీరు లెక్కపెట్టిన గేట్లు కాటన్ దొర పెట్టినవి కావు, నిన్నగాక మొన్న వచ్చినవి" అని అప్పుడు చెప్పారు మేష్టారు. పులిహోర తింటుండగా ఇంటిపని ఇచ్చారు. "మీరే కాటన్ దొర. ఆనకట్ట కట్టడానికి డబ్బు కావాలి. మద్రాసులో ఉన్న దొరలకి ఉత్తరం రాయండి."

నేను ఆ ఉత్తరంలో కరువుతో చచ్చిపోయిన పిల్లల్ని, ఎండిన పొలాల్ని, పోటెత్తిన గోదావరిని, అన్నింటినీ కుక్కేశాను. చదివితే మా అమ్మ కళ్లు తుడుచుకుంది. మేష్టారు పదికి నాలుగు వేశారు. నాకు ఏడుపు, దానిమీద కోపం. క్లాసులోనే లేచి అడిగాను, నలుగురూ నవ్వారు కూడా. ఆయన కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ, "దొర ఏడవలేదమ్మాయ్. శిస్తు గురించి రాశాడు. నీళ్లొస్తే కంపెనీవాడికి ఎంత శిస్తు పెరుగుతుందో లెక్కలు కట్టి చూపించాడు. 1844లో, 45లో రిపోర్టులు రాస్తే 1847లో పని మొదలైంది. ముందు కట్టింది కాగితం మీద. రాయి తరవాత" అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు: "డబ్బిచ్చేవాడికి నీ బాధ అక్కర్లేదు. వాడికేం వస్తుందో చెప్పు."

మన జిల్లాలో పురోహితులు గోదావరి స్నానం సంకల్పంలో కాటన్‌ని తలుచుకుంటారు కదా. నేను మేష్టారిని కూడా కలిపి తలుచుకుంటాను. అప్పట్లో మాత్రం ఆయనకి పాషాణ హృదయమని పేరు పెట్టింది నేనే. ఆ పేరు నిలవలేదు, మీరంతా గొడుగనే పిలిచారు.

కాకినాడలో సివిల్ డిప్లొమా, హైదరాబాద్‌లో మేనమామ ఇల్లు, పెళ్లి. ఈ మధ్యలో ఏం జరిగిందో రాస్తే సంచిక చాలదు. కన్‌స్ట్రక్షన్ కంపెనీలో ఉద్యోగానికి వెళితే సైటుకి ఆడపిల్లని పంపరన్నారు. టెండర్ సెక్షన్‌లో కూర్చోబెట్టారు. పని ఏమిటంటే జిరాక్సులు తీయడం, పేజీలకి నంబర్లు వేయడం, కవర్లకి లక్క సీళ్లు వేయడం. వేళ్లు కాల్చుకోని రోజు లేదు. మగవాళ్లందరూ సైటు కావాలని కొట్టుకుంటుంటే ఆ గది నాకు ఖాళీగా దొరికింది. అక్కడే ఉండిపోయాను.

ఆ రోజుల్లో టెండర్ బాక్సులుండేవి. పనులు తమలో తామే పంచుకునే కాంట్రాక్టర్ల రింగులుండేవి. బయటివాళ్లు కవరు వేయకుండా ఆఫీసు మెట్ల దగ్గర మనుషుల్ని నిలబెట్టేవారు. ఒకసారి ఒక జిల్లాలో (ఏ జిల్లానో చెప్పను, మనవాళ్ల అత్తవారి ఊళ్లు ఉన్నాయి) మా మేనేజర్ గారిని గేటులోనే ఆపేశారు. మూడింటికి బాక్సు మూసేస్తారు. నేను కవరుని టిఫిన్ బ్యాగులో అడుగున పెట్టి, పైన క్యారేజీ పెట్టుకుని నడిచాను. "ఎవరు కావాలమ్మా?" అన్నారు. "అకౌంట్స్‌లో అక్కయ్యకి అన్నం" అన్నాను. దారి ఇచ్చారు. బాక్సులో కవరు పడ్డ చప్పుడుకి ఒకాయన పరిగెత్తుకొచ్చి "ఎంత లెస్ వేశారు?" అని అడిగాడు. పాపం, చాలా మర్యాదగా అడిగాడు. నాకు తెలియదండీ అన్నాను. ఎస్ఎస్ఆర్ రేట్ల (ప్రభుత్వం పనులకి కట్టే ప్రామాణిక రేట్లు) మీద ఎంత శాతం తగ్గించామో టైపు చేసింది నేనే. ఆ పని మాకే వచ్చింది. తర్వాత నాకు విజిటింగ్ కార్డు కొట్టించారు.

2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్, అంటే ఆన్‌లైన్‌లో టెండర్లు వేయడం, వచ్చాక క్యారేజీల అవసరం పోయింది. దాని బదులు ఆఖరి గంటలో అప్‌లోడ్ టెన్షన్ వచ్చింది. జలయజ్ఞం సాగునీటి ప్రాజెక్టుల టెండర్ల కాలంలో ఇంటికి రాత్రి ఎప్పుడొచ్చేదాన్నో మా అత్తగారిని అడగాలి. ఆవిడ ఇప్పటికీ నేను సిమెంటు బస్తాలు అమ్ముతాననే అనుకుంటారు. పెద్ద పద్మకి కూడా అదే అనుమానం కాబట్టి ఇక్కడ కొంచెం చెప్తాను.

మా మార్కెటింగ్‌లో చూపించడానికి సరుకుండదు. వంతెన ఇంకా లేదు, దాన్ని మేమే కట్టగలమని నమ్మించాలి. నమ్మకానికి రూల్స్ ఉన్నాయి. ప్రభుత్వ పనుల్లో చాలా చోట్ల చూసేది ఇదే: 100 కోట్ల పనికి టెండర్ వేయాలంటే గత ఏడేళ్లలో అలాంటి పని 80 కోట్లది ఒకటైనా, 50 కోట్లవి రెండైనా, 40 కోట్లవి మూడైనా పూర్తి చేసి ఉండాలి. పెద్ద పని చేస్తేనే పెద్ద పని ఇస్తారు, ఇస్తేనే చేయగలం! అందుకే జాయింట్ వెంచర్లకి భాగస్వాముల్ని వెతకడం, బ్యాంకు గ్యారంటీల కోసం తిరగడం, పూర్తి చేసిన పనులకి సర్టిఫికెట్లు సంపాదించడం నా ఉద్యోగం. ఈ చివరిదే అసలు కష్టం. పని పూర్తయ్యేసరికి ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) గారికి బదిలీ అయిపోతుంది. కొత్తాయన "నా హయాంలోది కాదు" అంటారు. పాతాయన ఎక్కడున్నారో కనుక్కుని ఫైలు పట్టుకుని వెళ్లాలి. ఒకాయన్ని పట్టుకునేసరికి మనవరాలి బారసాలలో ఉన్నారు. అక్షింతలు వేసి సంతకం తెచ్చుకున్నాను.

మేష్టారి నాలుగు మార్కులు అక్కరకొచ్చింది ఒక ఫ్లైఓవర్ ప్రెజెంటేషన్లో. మా ఇంజనీర్లు స్లైడ్ల నిండా క్రేన్లు, బ్యాచింగ్ ప్లాంట్లు, లాంచింగ్ గర్డర్లు నింపారు. వాళ్లకి అవి ముద్దు. నేను అన్నీ వెనక్కి నెట్టి, కింద రోడ్డు ఏ నెలలో ఎన్ని లైన్లు మూస్తామో, ఆసుపత్రికి అంబులెన్స్ ఏ దారిన వెళుతుందో మొదటి స్లైడులో పెట్టించాను. పెద్ద గొడవైంది. "మేడమ్, ఇది ట్రాఫిక్ పోలీసుల పని" అన్నారు కుర్రాళ్లు. కానీ అవతల కూర్చున్న అధికారికి రోజూ ఫోన్లు వచ్చేది ఆ రోడ్డు గురించే. ఆయన మా క్రేన్ల గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. అంబులెన్స్ గురించే అడిగారు.

ఇప్పుడు బిజినెస్ డెవలప్‌మెంట్ విభాగం నాది. గదిలో సగం మంది ఆడపిల్లలే, కొందరు సైటు నుంచి వచ్చినవాళ్లు, కావాలంటే మళ్లీ సైటుకి వెళ్లేవాళ్లు. కొత్తవాళ్లందరికీ మొదటి వారం కాటన్ ఉత్తరం రాయిస్తాను. ఎవరికీ నాలుగు కన్నా ఎక్కువ వేయలేదు. నేను ఒక బస్తా సిమెంటు కూడా కలిపిన పాపాన పోలేదు గానీ, కారులో కొన్ని వంతెనలు ఎక్కేటప్పుడు "ఇది మా కవరే" అంటాను. మా అమ్మాయి ఇయర్‌ఫోన్స్ పెట్టేసుకుంటుంది.

ఇక బడికి కట్టబోయే కొత్త గదులకి కమిటీ పంపిన ఎస్టిమేట్ గురించి. చందా ఇస్తాను, సందేహం లేదు. కానీ ఎస్టిమేట్ అంటే చదరపు అడుగుకి ఇంత అని ఒక లైను రాసి ఊరుకోవడం కాదు నాయనలారా. పునాది లోతు లేదు, మట్టి పరీక్ష ఊసు లేదు, మరుగుదొడ్లకి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయో లేదు. రంగులకి మాత్రం మూడు షేడ్లు రాశారు. మూడు కొటేషన్లు తెప్పించండి. డెబ్బై ఒకటో గేటు గాడు ఇప్పుడు రాజమండ్రిలో పేరున్న కాంట్రాక్టరని, సగం ధరకే కట్టిస్తానని చెబుతున్నాడని విన్నాను. చాలా సంతోషం. వాడు కూడా సీల్డ్ కవర్లోనే ఇవ్వాలి. గదులు ఎన్నో మాత్రం వాడి చేత లెక్కపెట్టించొద్దు.