‘ఊరుకో’ అనని పేజీలు

విజయవాడ సత్యనారాయణపురంలో ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డు ఉన్నచోట నా చిన్నప్పుడు రైలు పట్టాలుండేవి. పట్టాల అవతల ఒక అద్దె పుస్తకాల కొట్టు. అమ్మకి నవలలు తెచ్చిపెట్టే పని నాది. దారిలోనే నాలుగు పేజీలు చదివేసేదాన్ని. ఏ నవలలోనైనా కొన్ని పేజీలే బాగా నలిగి, అంచులు మెత్తబడి, వేళ్ల మరకలతో ఉండేవి. అవి పెళ్లి పేజీలు కావు. అందరి మీదా అరిచే మనిషి జ్వరంతో మంచం మీద వణుకుతుంటే, అప్పటిదాకా అతనితో మాటకి మాట అన్న అమ్మాయి నుదుటి మీద తడిగుడ్డ వేసి కూర్చునే పేజీలు.

నాకిప్పుడు 46 ఏళ్లు. గవర్నర్‌పేటలో మందుల హోల్‌సేల్ షాపులో లెక్కలు రాస్తాను. ఇప్పటికీ ఏ నవల పట్టుకున్నా నేను ఎదురుచూసేది ఆ పేజీ కోసమే.

“వాళ్లు బాధపడుతుంటే మీకు బాగుంటుందా ఆంటీ?” అని షాపులో ఒకమ్మాయి అడిగింది. బాధ కాదమ్మా నాకు కావాల్సింది. ఎప్పుడూ గట్టిగా ఉండే మనిషి ఒక్క పూట అలా ఉండలేకపోతే, చూసినవాళ్లు ఆ మనిషిని తక్కువ చెయ్యకపోవడం ఉంది చూడు, అది. మనిళ్లలో ఎవరైనా ఏడిస్తే ముందు వచ్చే మాట “ఊరుకో”. ప్రేమతోనే అంటాం. కానీ ఏడుపు ఆపెయ్యమనే కదా దాని అర్థం! దాని వెనకే “కష్టాలు లేనిదెవరికి”, “నువ్వే ఇలా అయిపోతే పిల్లలేం కావాలి” వచ్చేస్తాయి. అమ్మ పోయినప్పుడు పదకొండు రోజులూ అవే విన్నాను. అన్నవాళ్ల మీద కోపం లేదు. ఒక్కరైనా పక్కన ఊరికే కూర్చుంటే బాగుండునని మాత్రం ఇప్పటికీ అనిపిస్తుంది. కథల్లో ఆ ఒక్కరు దొరుకుతారు.

ఒకసారి మా ఇంట్లోనే దొరికారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు మా పెద్దన్నయ్య ఇంట్లోకి పీకల్లోతు నీళ్లు వచ్చాయి. రెండు రాత్రులు పక్కవాళ్ల మేడ మీద గడిపి, మూడో రోజు పడవలో ఫ్లైఓవర్ దాకా వచ్చి, అక్కణ్నుంచి నడుచుకుంటూ మా ఇంటికొచ్చాడు. నాన్న పోయిన రోజు కూడా కంటతడి పెట్టని మనిషి. అరుగు మీద కూలబడ్డాడు. పాదాలు నీళ్లలో నాని, తెల్లగా ముడతలు పడిపోయాయి. “వస్తువులదేముంది అన్నయ్యా, నువ్వు బయటపడ్డావు, అంతే చాలు” అన్నాను. నా నోటికొచ్చిందీ ‘ఊరుకో’ లాంటి మాటే. అన్నయ్య తలూపి ఊరుకున్నాడు.

మా ఆయనకీ అన్నయ్యకీ ఒక స్థలం విషయంలో ఏళ్ల తరబడి సరిగా మాటల్లేవు. ఆయన లోపలికెళ్లి బకెట్లో వేడినీళ్లు, తన లుంగీ ఒకటి తెచ్చారు. “బావా, కాళ్లు ఇందులో పెట్టు” అని, పక్కన మెట్టు మీద కూర్చున్నారు. ఏమీ అడగలేదు. కాసేపటికి అన్నయ్య “స్కూటర్ కూడా పోయింది బావా” అన్నాడు. ఇంట్లో సామానంతా పోయిన మనిషి స్కూటర్ పేరు చెప్పి, ఆ లుంగీలో ముఖం దాచుకుని ఏడ్చాడు. మా ఆయన అన్నయ్య వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉంచారు. నేను కాఫీ పెడతానంటూ వంటింట్లోకి వెళ్లిపోయాను. ఆ కాసేపు నేనక్కడ ఉండకూడదనిపించింది.

మంచి రచయితలకి ఈ స్కూటర్ సంగతి తెలుసు. పెద్ద దుఃఖం చిన్న వస్తువు దగ్గరే కట్ట తెంచుకుంటుంది. తెలియనివాళ్లు ఓదార్చేవాళ్ల చేత రెండు పేజీలు మాట్లాడిస్తారు, తర్వాతి అధ్యాయంలో పాత గొడవలన్నీ మాయం చేసేస్తారు. నాకది నచ్చదు. మా స్థలం తగువు ఇంకా తేలనే లేదు.

ఓదార్పు మాటలంటే నాకున్న విసుగు కొంచెం తగ్గింది మాత్రం కిష్కింధకాండ చదివాకే. సీత జారవిడిచిన నగలు చూసి రాముడు కుమిలిపోతాడు. సుగ్రీవుడు చెప్పేదీ మనం చెప్పేదే: నా భార్యనీ ఎత్తుకుపోయారు, నేనిలా ఏడవడం లేదు కదా అని. కానీ ఆ మాట చెబుతున్న సుగ్రీవుడి కళ్ల నిండా నీళ్లు, గొంతు పూడుకుపోయి ఉంది. స్నేహితుడిగా చెబుతున్నాను, నీకు ఉపదేశం చెయ్యడం లేదు అని కూడా అంటాడు. ఆ ఒక్క మాట దగ్గర నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. రాముడు బట్ట అంచుతో ముఖం తుడుచుకుని సుగ్రీవుణ్ణి కౌగిలించుకుంటాడు. సీతని వెతకడంలో సాయం చెయ్యమని అడిగి, ఇక నావల్ల నీకు కావలసిందేమిటో మొహమాటం లేకుండా చెప్పు అంటాడు.