ఎలాగూ కొట్టుకుపోయే మట్టి

భోజనాల దగ్గర బావ అన్న మాట ఇంకా మనసులోంచి పోలేదు. ఎర్రమట్టి దిబ్బల అంచున ఎవరో ట్రాక్టర్లతో మట్టి తోలుకుపోతున్నారని నేను వాపోతుంటే, "ఎలాగూ వానకు కొట్టుకుపోయే మట్టేగా, నాలుగు ట్రాక్టర్లు ముందు పోతే కొంప మునిగిందా?" అని నవ్వి, పెరుగన్నంలోకి దిగిపోయాడు. అక్కేమో మాట మార్చడానికి ఆవకాయ జాడీని నా ముందుకు జరిపింది.

ఆ మాటలో సగం నిజం ఉండడమే నా చిరాకుకు అసలు కారణం. విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే దారిలో ఉన్న ఆ దిబ్బలు రాతికొండలు కావు, గాలి తెచ్చి పోసిన ఇసుక మేటలు. సుమారు 20 వేల ఏళ్ళ కిందట మంచుయుగం ముదిరి, సముద్రమట్టం ఇప్పటికంటే 100 మీటర్లకు పైగా దిగిపోయినప్పుడు బయటపడిన ఇసుకను, ఆ తరువాతి వేల ఏళ్ళలో గాలులు ఒడ్డుకు తోలాయని భూవిజ్ఞానులు వివరిస్తారు. తూర్పు కనుమల రాళ్ళు అరిగి వచ్చిన ఆ ఇసుకలోని ఇనుప ఖనిజాలు క్రమంగా శిథిలమై, ఆ తుప్పే ప్రతి రేణువుకూ ఎర్రటి పూతగా పట్టింది.

చిన్నప్పుడు నాన్నతో అక్కడికి వెళ్ళిన రోజున వాన పట్టుకుంది. జీడిమామిడి చెట్టు కింద తడుస్తూ నిలబడి, తెరిపి ఇచ్చాక గెడ్డలోకి, అంటే వాననీళ్ళు పారే వాగులోకి దిగాం. ఏటవాలు నేల మీద బొటనవేలంత ఎత్తున మట్టి స్తంభాలు లేచి ఉన్నాయి, ఒక్కొక్కదాని నెత్తిన ఒక గులకరాయి. "చినుకు దెబ్బకు చుట్టూ మట్టి చెదిరిపోయిందిరా, గొడుగున్న చోట మిగిలింది" అన్నారు నాన్న. మేము చూస్తుండగానే ప్రవాహం గోడ అడుగును తొలిచింది, పైనున్న పెళ్ళ ధబ్బుమని విరిగి నీళ్ళలో కరిగింది. గెడ్డ వెంబడి నడిచి ఒడ్డుకు చేరేసరికి సముద్రం కొంత మేర ఎర్రబడి ఉంది.

అంటే నేను ఇంతగా మురిసిపోయే ఆ లోయలు, ఆ నిట్టనిలువు గోడలు మొత్తం కోత వల్ల వచ్చినవే. వాన తాకకపోతే అది ఒక ఎర్రటి గుట్టగా మిగిలేది. ఇలా ఆలోచిస్తే బావ చెప్పిందే సబబనిపించి, కాసేపు మరింత ఉడుక్కున్నాను.

కాదు. వాన వాలును అనుసరించి కోస్తుంది, కోసినదాంట్లో కొంత గెడ్డ అడుగున పరుస్తుంది, మరుసటి వానకు అదే దారిని ఇంకొంచెం లోతు చేస్తుంది. దిబ్బ తరుగుతున్నా ప్రతి దశలోనూ దిబ్బలాగే ఉంటుంది. ట్రాక్టరు అయితే దిబ్బ పాదాన్ని తవ్వి, పైభాగాన్ని కూల్చి, చదును చేసి పోతుంది. చదునైన నేల మీద వాన చెక్కడానికి వాలు మిగలదు. 2014లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది కదా అని, కాపాడే పేరుతో ఎవరైనా సిమెంటు గోడలు కట్టినా నాకు ఇంతే కోపం వస్తుంది. దాన్ని అరగనివ్వాలి, కానీ దాని తీరులోనే అరగనివ్వాలి.

రేపు టిఫిను దగ్గర ఇదంతా చెబితే, చదును చేసిన చోట గజం ఎంత పలుకుతుందో ముందు కనుక్కోమంటాడు బావ.