మా స్థలంలోని టెలిఫోన్ స్తంభాలు

కావలిలో మా నాన్నగారు కట్టించిన ఇల్లు 40 అంకణాల స్థలంలో ఉంది. నెల్లూరు జిల్లాలో అంకణమంటే 72 చదరపు అడుగులు కనుక, గజాల లెక్కన అది 320 గజాలు. ఆ స్థలంలో తూర్పు ప్రహరీకి లోపలివైపున రెండు ఇనుప టెలిఫోన్ స్తంభాలు, వాటిలో ఒకదానిని లాగి పట్టుకోవడానికి నేలలోకి దింపిన స్టే వైరు, ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నాయి. వాటిని తీయించడానికి నాకు దాదాపు రెండేళ్ళు పట్టింది. ఇలాంటి ఇబ్బందే ఉన్నవారు మా ఊళ్ళోనే చాలామంది కనిపిస్తున్నారు కాబట్టి, నేను తెలుసుకున్నది వివరంగా రాసిపెడుతున్నాను.

1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫానుకు మా వీధిలోని స్తంభాలు వరుసగా నేలకొరిగాయి. లైన్లు తిరిగి వేయడానికి వచ్చినవారు, వీధి పక్కన కాలువ ఉండటం వల్ల స్తంభం నిలవదని, కొంతకాలం పాటు మా ప్రహరీ లోపల పాతుకుంటామని నాన్నగారిని అడిగారు. ఊరంతా చీకట్లో ఉన్న రోజులవి. ఆయన సరేనన్నారు. కాగితం మీద ఎవరూ ఏమీ రాసుకోలేదు, నష్టపరిహారం మాట ఎవరూ ఎత్తలేదు. ఆ తరువాత నాన్నగారు పోయారు, ఆ మాట ఇచ్చినవారూ బదిలీ మీద వెళ్ళిపోయారు, స్తంభాలు మాత్రం అక్కడే ఉండిపోయాయి. వాటి మీదికి మొదట కేబుల్ టీవీ నల్ల తీగలు, ఆ తరువాత ఇంటర్నెట్ ఫైబర్ తీగలు ఒకదాని వెంట ఒకటి చేరాయి. వాటిని కట్టడానికి వచ్చినవారిలో ఒక్కరు కూడా మా గుమ్మంలోకి వచ్చి అడగలేదు.

2021లో మా అమ్మ మెట్లెక్కలేని స్థితికి రావడంతో, కింద తూర్పువైపున ఒక గది, దానికి ఆనుకుని స్నానాలగది కట్టాలనుకున్నాం. మేస్త్రి దారం పట్టి సున్నంతో గీతలు గీస్తే, ఒక పిల్లర్ గుంట సరిగ్గా స్టే వైరు దిగిన చోటికి వచ్చింది, రెండో స్తంభం గది మధ్యలో పడింది. పని అక్కడే ఆగిపోయింది.

మొదటి ఆరు నెలలు నేను నోటిమాటతోనే తిరిగాను. టెలిఫోన్ సంస్థ కార్యాలయానికి నాలుగుసార్లు వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ ఎవరో ఒకరు శ్రద్ధగానే విని, చూస్తామని చెప్పి పంపేవారు. చివరికి ఒకాయన, స్తంభాలు మార్చడానికి అయ్యే ఖర్చంతా మీరే ముందుగా కట్టాలని అన్నారు. ఏ నిబంధన ప్రకారమో చెప్పమంటే ఆయన దగ్గర సమాధానం లేదు. కేబుల్ వాళ్ళనడిగితే స్తంభం మాది కాదు కదా సార్ అన్నారు. ఎదురింటి పెద్దాయన మాత్రం, "అయ్యవారూ, రాత్రిపూట తీగలు కోసేయిస్తే వాళ్ళే పరుగెత్తుకొస్తారు" అని సలహా చెప్పారు. ఆ సలహా ఎంత ప్రమాదకరమైనదో నాకు చట్టం చదివిన తరువాత అర్థమైంది. అప్పట్లో టెలిఫోన్ లైన్లకు కూడా వర్తించిన 1885 నాటి భారత టెలిగ్రాఫ్ చట్టంలోని 25వ సెక్షన్ ప్రకారం, టెలిగ్రాఫ్ లైనును ఉద్దేశపూర్వకంగా పాడుచేస్తే మూడేళ్ళ వరకు జైలుశిక్ష గాని, జరిమానా గాని, రెండూ గాని పడే వీలుండేది. మన నేల మీద ఉన్నంత మాత్రాన ఆ తీగ మనది కాదు. అదీ కాక, ఆ తీగల్లో ఒకటి మా వెనకింటి వృద్ధ దంపతుల ల్యాండ్‌లైన్. దుబాయిలో ఉన్న వాళ్ళ కొడుకు ఆ నంబరుకే ఫోన్ చేస్తాడు. నా గది కోసం వాళ్ళ ఫోను ఆగిపోవడం నాకు సమ్మతం కాదు.

ఆ చట్టాన్నే ఓపికగా చదివితే నాకు కావలసిన ఆధారం కూడా అందులోనే దొరికింది. ఎవరి స్థలం మీదనైనా లైను వేసే అధికారాన్ని టెలిగ్రాఫ్ సంస్థకు ఇచ్చేది 10వ సెక్షన్. అయితే ఆ సెక్షనే, లైను వేసినంత మాత్రాన ఆ స్థలంలో సంస్థకు వాడుకునే హక్కు తప్ప మరే హక్కూ రాదని, పని చేసేటప్పుడు వీలైనంత తక్కువ నష్టం కలిగించాలని, కలిగిన నష్టానికి పూర్తి పరిహారం చెల్లించాలని చెప్పేది. ముప్పై ఏళ్ళు ఉన్నాయి కాబట్టి ఆ జాగా వాళ్ళదే అయిపోయిందని నన్ను భయపెట్టినవారికి నేను చూపించినది ఈ వాక్యాన్నే. ఇక 17వ సెక్షన్ మా వంటివారి కోసమే రాసినట్లు ఉండేది. స్థలం హక్కుదారు తన స్థలాన్ని మరొక విధంగా ఉపయోగించుకోదలచి, అందుకోసం స్తంభాన్నో లైనునో తీయవలసి వస్తే, దానిని అదే స్థలంలో మరొక చోటికి మార్చమని, ఎత్తు పెంచమని లేక తగ్గించమని, లేదా దాని రూపం మార్చమని సంస్థను కోరే వీలుండేది. గతంలో 10వ సెక్షన్ కింద పరిహారం పుచ్చుకుని ఉంటే మాత్రం, మార్పుకయ్యే ఖర్చు గాని, తీసుకున్న పరిహారంలో సగం గాని, ఏది తక్కువైతే అది అర్జీతో పాటు చెల్లించవలసి ఉండేది. మా నాన్నగారు పైసా కూడా తీసుకోలేదు. అందువల్ల ఖర్చంతా ముందుగా మీరే కట్టాలన్న మాటకు ఆ సెక్షన్‌లో ఆధారం లేదని నాకు ధైర్యం వచ్చింది. సంస్థ స్పందించకపోతే జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే మన కలెక్టరుగారికి, దరఖాస్తు చేసుకునే వీలుండేది. విచారణ జరిపి దానిని తోసిపుచ్చడమో, షరతులతోనో షరతులు లేకుండానో మార్పుకు ఉత్తర్వు ఇవ్వడమో ఆయన విచక్షణకు సంబంధించిన విషయం.

అర్జీ రాసే ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. నా అభిప్రాయంలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. ఏ తీగ ఎవరిదో తేల్చుకోవాలి. మా డాబా మీద నిలబడి లెక్కపెడితే మొత్తం పదకొండు తీగలున్నాయి. స్తంభానికి బిగించిన చిన్న డి.పి. పెట్టెలో (లైన్లను పంచే పెట్టెలో) నుంచి ఇళ్ళకు వెళ్ళే జంట రాగి తీగలు టెలిఫోన్‌వి. వాటిలో ఆరింటికి అవతలి కొస ఏ ఇంటికీ కలిసి లేదు, పిట్టగోడల మీద చుట్టలుగా పడి ఉంది. లావుగా, నల్లగా, మధ్య మధ్య ఆంప్లిఫయర్ పెట్టెలు తగిలించి ఉన్నది కేబుల్ టీవీది. సన్నగా ఉండి, గుమ్మటం ఆకారంలోని జాయింటు పెట్టెలోకి చుట్టలు చుట్టుకుని వెళ్ళేవి ఫైబర్ తీగలు. కొన్ని ఫైబర్ తీగల పైతొడుగు మీదనే కంపెనీ పేరు, మీటర్ల లెక్క అచ్చువేసి ఉంటాయి. లేనివాటిని కొస దొరికేదాకా వీధి వెంట నడిచి కనుక్కోవలసిందే. నేను రెండు ఆదివారాలు అలాగే నడిచాను. ప్రతి తీగకూ ఒక అంకె వేసి, ఎక్కడ మొదలై ఎక్కడికి పోతున్నదో చేతితో పటం గీసి, పగటి వెలుతురులో ఫొటోలు తీసి, తేదీలు రాసిపెట్టాను. కేబుల్ టీవీ ఆపరేటరు ఎవరో చెప్పకపోతే వెనుకాడనక్కరలేదు. 1995 నాటి కేబుల్ టెలివిజన్ చట్టం ప్రకారం అప్పట్లో వారు హెడ్ పోస్టాఫీసులో రిజిస్టరు చేసుకుని ఉండాలి. వీధిలో కేబుళ్ళు లాగడానికి అనుమతి ఇచ్చారా అని సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో మునిసిపాలిటీని కూడా అడిగాను. మా వీధికి సంబంధించి అలాంటి అనుమతి పత్రమేదీ తమ రికార్డుల్లో లేదని జవాబు వచ్చింది. ఆ ఒక్క కాగితం తరువాత నాకెంతో ఉపయోగపడింది.

2022 జనవరిలో టెలిఫోన్ సంస్థకు, కేబుల్ ఆపరేటరుకు, రెండు ఇంటర్నెట్ సంస్థలకు వేరువేరుగా, రసీదు వచ్చేటట్లు తపాలాలో అర్జీలు పంపాను. దస్తావేజు నకలు, మంజూరైన ఇంటి ప్లాను, పటం, ఫొటోలు జతచేశాను. ప్లాను జతచేయడం ఎందుకంటే, స్థలాన్ని నిజంగా ఉపయోగించుకోబోతున్నామన్నదే 17వ సెక్షన్‌కు మూలం. ఊరికే కంటికి ఇబ్బందిగా ఉన్నదంటే సరిపోదు. స్తంభాన్ని ఎక్కడికి మార్చవచ్చో కూడా నేనే చూపించాను. అప్పటికి వీధి కాలువ మీద సిమెంటు పలకలు వేశారు కనుక, ప్రహరీ మూలకు వెలుపల స్తంభం నిలబడటానికి చోటుంది. వెనకింటివారి ల్యాండ్‌లైన్ ఒక్క గంట కూడా ఆగకుండా ముందు కొత్త లైను వేసి, తరువాతనే పాతది తీయాలని విడిగా ఒక పేరా రాశాను.

మూడు నెలలు గడిచినా ఒక్కరూ జవాబివ్వలేదు. ఒక సోమవారం తెల్లవారుజామున బయలుదేరి నెల్లూరు కలెక్టరేటులో స్పందన కార్యక్రమానికి వెళ్ళి, 17వ సెక్షన్‌ను పేర్కొంటూ దరఖాస్తు ఇచ్చాను. ఆ తరువాత మరో ఐదు సోమవారాలు వెళ్ళవలసి వచ్చింది. చివరికి రెవెన్యూ సిబ్బంది, టెలిఫోన్ ఇంజనీరు కలిసి స్థలం చూడటానికి వచ్చిన రోజున, ఆ ఇంజనీరు నా పటాన్ని చేతిలో పట్టుకుని తీగలను ఒక్కొక్కటిగా సరిచూసుకున్నాడు. పదకొండింటిలో పది సరిపోయాయి. పదకొండోది ఎవరిదో ఆయనా చెప్పలేకపోయాడు. వారం తిరక్కుండా దాని యజమానులు తమంతట తామే వచ్చారు. ఆ యువ ఇంజనీరు నాతో కసురుగా మాట్లాడలేదని, పటం గీసినందుకు మెచ్చుకున్నాడని ఇక్కడ చెప్పుకోవాలి.

2023 మార్చిలో ప్రహరీ వెలుపల కొత్త స్తంభం పాతారు. వెనకింటి లైను దాని మీదికి మార్చి, ఫోను మోగుతున్నదని చూసుకున్న తరువాత, మా స్థలంలోని రెండు స్తంభాలనూ గునపాలతో తవ్వి తీశారు. మా దగ్గర ఎవరూ డబ్బు అడగలేదు. దిక్కులేని ఆరు రాగి తీగలూ ఆ పూటే చుట్టలు చుట్టి పట్టుకుపోయారు. కేబుల్ టీవీ తీగ ఎదురువరుస మీదికి మారింది.

ఆ తరువాత చట్టం మారింది. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టంలో స్తంభాలకూ తీగలకూ సంబంధించిన భాగం 2024 జూన్ 26 నుంచి, దానికింద చేసిన మార్గహక్కు నియమాలు (ఇతరుల స్థలాల మీదుగా లైన్లు వేయడానికి సంబంధించినవి) 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చాయి. ఇప్పుడు ప్రైవేటు స్థలంలో లైను వేయదలచిన సంస్థ ముందుగా యజమానికి దరఖాస్తు పెట్టుకుని ఒప్పందం చేసుకోవాలి. తగవు వస్తే వినేది జిల్లా మేజిస్ట్రేటే, పరిహారం మీద వచ్చే తగవు మాత్రం జిల్లా జడ్జి ముందుకు వెళుతుంది. స్థలం మీద సంస్థకు వాడుక హక్కు తప్ప మరొకటి రాదన్న సూత్రం ఇందులోనూ ఉంది. ఇప్పుడు అర్జీ పెట్టేవారు పాత సెక్షన్లు కాకుండా ఈ చట్టాన్నే పేర్కొనాలి.

అమ్మ గది ఆ ఏడాది శ్రావణానికి పూర్తయింది. స్తంభం ఉన్న చోట ఇప్పుడు ఆమె కిటికీ ఉంది. పోయిన నెలలో ఒక ఇంటర్నెట్ సంస్థ మనిషి వచ్చి, డాబా మూల మీదుగా ఒక్క తీగ లాక్కుంటామని అడిగాడు. ఎంతకాలానికో, ఏ దారినో, మేము తీయమన్నప్పుడు ఎన్ని రోజుల్లో తీస్తారో రాసి తీసుకురమ్మన్నాను. రాసి తెచ్చాడు. చదివి, ఒక నకలు మా దస్తావేజులతో పాటు దాచి, సంతకం చేశాను.